"ఆర్పవద్దు" అని చెప్పే ఆదేశం: ఫైర్‌మన్ కావాలనుకునేవారి కోసం

ఒక వంటగదిలో గ్యాస్ సిలిండర్ మూతి దగ్గర మంట అంటుకుందనుకుందాం. వాల్వ్ దెబ్బతిన్నది, మూసే వీలు లేదు. గ్యాస్ బుస్సుమంటూ బయటికి తన్నుకొస్తూ మండుతోంది. అగ్నిమాపక బృందంలో కొత్తగా చేరిన యువకుడి చేతిలో పొడి రసాయనం నింపిన ఎక్స్‌టింగ్విషర్ ఉంది. మీట నొక్కితే ఆ మంట రెండు మూడు క్షణాల్లో ఆరిపోతుంది. వీధిలో జనం "ఆర్పండి, ఆర్పండి" అని అరుస్తున్నారు. వెనుక నుంచి అధికారి మాత్రం "ఆర్పవద్దు, సిలిండర్ మీద నీళ్లు కొట్టు" అంటాడు.

మంటలు ఆర్పడానికే ఉద్యోగంలో చేరినవాడికి మంట ఆర్పవద్దని ఆదేశం. చూసేవారికి ఇది విడ్డూరంగా తోస్తుంది. కానీ ఆ అధికారి చెప్పినదాంట్లో నూటికి నూరుపాళ్లు శాస్త్రమే ఉంది. వంటగ్యాస్ గాలికంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువైనది. మండకుండా బయటికి వస్తే పైకి పోదు. నేల మీద పరుచుకుంటుంది, తలుపు కింది సందుల్లోంచి పక్క గదికి, మురుగు కాలువలోంచి పక్కింటికి పాకుతుంది. గాలిలో దాని పాలు సుమారు 2 శాతానికి చేరితే చాలు, ఫ్రిజ్ దానంతటదే ఆన్ అయినప్పుడు పుట్టే నిప్పురవ్వకు కూడా అంటుకుంటుంది. మండుతున్న గ్యాస్ ఎక్కడుందో మనకు కంటికి కనిపిస్తుంది. మండని గ్యాస్ ఎక్కడిదాకా వెళ్లిందో ఎవరికీ తెలియదు. విశాఖపట్నంలోని హిందుస్థాన్ పెట్రోలియం రిఫైనరీలో 1997 సెప్టెంబర్ 14న లీకైన ఎల్పీజీ అలాగే మేఘంలా పరుచుకుని, నిప్పు తగలగానే పేలి దాదాపు 60 మందిని బలితీసుకుంది. అందుకే వాల్వ్ మూసే దారి దొరికేదాకా మంటను మండనిచ్చి, సిలిండర్ వేడెక్కి చీలిపోకుండా దాని ఒంటిని చల్లబరుస్తారు. ఈలోగా చుట్టుపక్కల ఇళ్లు ఖాళీ చేయిస్తారు.

ఆ యువకుడు ఆ క్షణంలో ఆదేశం పాటించడం క్రమశిక్షణ. ఆ ఆదేశం వెనుక ఉన్నది అగ్నిశాస్త్రం. జనం తిడుతున్నా, వీడియోలు తీస్తున్నా, వారి మెప్పుకోసం కాక వారి ప్రాణంకోసం పని చేయడం పౌర విలువ. ఫైర్‌మన్ ఉద్యోగానికి సిద్ధమయ్యేవారు ఈ మూడింటినీ మూడు వేర్వేరు అధ్యాయాలుగా చదువుతుంటారు. శాస్త్రాన్ని మార్కుల కోసం, క్రమశిక్షణను మైదానం కోసం, విలువలను ఇంటర్వ్యూలో చెప్పడానికి దాచుకుంటారు. ఇలా విడదీసి చదవడం వల్ల మూడూ నిస్సారమవుతున్నాయని నా గట్టి నమ్మకం. ఈ వృత్తిలో కఠినంగా కనిపించే ప్రతి నియమం మంట స్వభావం నుంచి పుట్టినదే. ఆ సంగతి అర్థమైతే నియమాలను బట్టీ పట్టనక్కరలేదు.

అసలు మండేది ఏది?

ఇంధనం, వేడి, ఆక్సిజన్. ఈ మూడూ కలిస్తే మంట అని హైస్కూలు పిల్లలకు కూడా తెలుసు. దీన్నే అగ్ని త్రిభుజం అంటారు. తర్వాతి కాలంలో దీనికి నాలుగో భుజంగా రసాయనిక గొలుసు చర్యను చేర్చారు. మంటలో పుట్టే అస్థిరమైన కణాలు పక్కనున్న అణువులను విడగొడుతూ పోతేనే మంట నిలుస్తుంది. పొడి రసాయనం చల్లినప్పుడు మంట చటుక్కున ఆరిపోవడానికి ముఖ్య కారణం ఈ గొలుసు తెగడమే. అయితే ఆ పొడి వస్తువును పెద్దగా చల్లబరచదు. పొడి తెర విడిపోగానే వేడి మిగిలి ఉన్న చోట మంట మళ్లీ లేస్తుంది. ఎక్స్‌టింగ్విషర్ ఖాళీ అయిందని వెనుదిరిగి నడవకూడదని, ముఖం మంటవైపే ఉంచి అడుగులు వెనక్కి వేయాలని శిక్షణలో చెప్పేది ఇందుకే.

చాలామంది గమనించని విషయం ఇంకొకటుంది. కట్టె, బట్ట, పెట్రోలు ఇవేవీ నేరుగా మండవు. వేడికి వాటినుంచి వెలువడే ఆవిరులు, వాయువులు గాలితో కలిసి మండుతాయి. పొయ్యిలో పెట్టిన కట్టెను దగ్గరగా చూస్తే మంట కట్టెకు అతుక్కుని ఉండదు, సన్నని ఖాళీ వదిలి ఆపైన ఆడుతుంటుంది. ఒక ద్రవం అంటుకోవడానికి సరిపడా ఆవిరిని విడుదల చేసే కనీస ఉష్ణోగ్రతను ఫ్లాష్ పాయింట్ అంటారు. పెట్రోలుకు అది సున్నాకు దిగువన 40 డిగ్రీలకు అటూఇటూ ఉంటుంది. అంటే చలికాలపు లంబసింగిలో కూడా పెట్రోలు మండడానికి సిద్ధంగానే ఉంటుంది. డీజిల్‌కు అది అంతకంటే చాలా ఎక్కువ. రోడ్డు మీద ట్యాంకర్ బోల్తా పడినప్పుడు లోపల ఉన్నది ఏ ద్రవమో ముందు తెలుసుకోనిదే ఫైరింజన్‌ను ఎంత దూరంలో ఆపాలో చెప్పలేం. వచ్చీరాగానే దగ్గరికి పోయి నిలిపితే ఆ ఇంజన్ వేడే నిప్పు పెట్టవచ్చు. "ఆదేశం లేనిదే ముందుకు నడపవద్దు" అన్న నియమం డ్రైవర్‌ను అవమానించడానికి పెట్టింది కాదు.

మన దేశంలో మంటలను స్థూలంగా ఎ, బి, సి, డి తరగతులుగా చెప్తారు. కట్టె, కాగితం, బట్టలాంటి ఘనపదార్థాలు ఎ. పెట్రోలు, నూనెలు, రంగులు బి. వాయువులు సి. మెగ్నీషియం, సోడియంలాంటి లోహాలు డి. వంట నూనెల మంటలను అంతర్జాతీయ ప్రమాణాలు ఎఫ్ అని వేరు చేశాయి. అమెరికా పుస్తకాలు, వీడియోలు చూసి చదివేవారు ఇక్కడ పొరబడుతుంటారు. వారి పద్ధతిలో సి అంటే విద్యుత్ పరికరాల మంట. పరీక్షలో తప్పు రాస్తే ఒక మార్కు పోతుంది, పనిలో ఆ తరగతికి సరిపడని ఎక్స్‌టింగ్విషర్ వాడితే ప్రాణం పోతుంది.

ఇక నీటి సంగతి. ఒక లీటరు నీటిని 20 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు వేడి చేయడానికి దాదాపు 335 కిలోజౌళ్ల శక్తి కావాలి. అదే నీరు పూర్తిగా ఆవిరి కావడానికి మరో 2,257 కిలోజౌళ్లు మింగుతుంది. చల్లబరిచే శక్తిలో సింహభాగం ఆవిరిగా మారడంలోనే ఉందన్నమాట. ఆవిరి కాకుండా కిందికి కారిపోయిన నీరు చాలావరకు వృథా, పైగా కింది అంతస్తులో సామానుకు నష్టం. అందుకే నీటిని ఎంత కొట్టామన్నదానికంటే ఎక్కడ కొట్టాం, ఎంత సన్నని తుంపరగా కొట్టాం అన్నది ముఖ్యం. అదే ఆవిరి ఇంకో ముఖం కూడా చూపిస్తుంది. ఒక లీటరు నీరు 100 డిగ్రీల దగ్గర దాదాపు 1,700 లీటర్ల ఆవిరి అవుతుంది. మూసిన గదిలోకి పొగనిండా ఇష్టం వచ్చినట్టు నీళ్లు కొడితే ఆ ఆవిరికి పోవడానికి దారి ఉండదు. అది కొట్టినవారి మీదికే తిరిగి వచ్చి కాలుస్తుంది.

మరుగుతున్న నూనె మూకుడు అంటుకున్నప్పుడు చెంబుడు నీళ్లు పోస్తే జరిగేది కూడా ఇదే. మంట అంటుకునే సమయానికి నూనె 300 డిగ్రీలు దాటి ఉంటుంది. నీరు నూనెకంటే బరువు కనుక అడుగుకు దిగి, దిగీదిగగానే ఆవిరై ఉబికి, మండే నూనెను తుంపరలుగా కప్పుదాకా విసిరేస్తుంది. స్టవ్ కట్టేసి, సరిపోయే మూత పక్కనుంచి జరిపి పెట్టి, చల్లారేదాకా తీయకుండా వదిలేయడమే మార్గం. తొందరపడి మూత తీసి చూసేవారే ఎక్కువగా కాల్చుకుంటారు.

పొగ కూడా ఇంధనమే

భవనాల్లో చనిపోయేవారిలో ఎక్కువమంది కాలి చనిపోరు, పొగకు ఊపిరాడక చనిపోతారు. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమా హాలులో 59 మంది చనిపోయారు. కింద ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పుట్టిన పొగ బాల్కనీకి ఎక్కింది. 2022 సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో ఒక లాడ్జి సెల్లార్‌లోని విద్యుత్ స్కూటర్ల దగ్గర మంట రేగితే పై అంతస్తుల్లో దిగినవారు 8 మంది ప్రాణాలు కోల్పోయారు. ఆరు నెలలు తిరిగేసరికి, 2023 మార్చిలో, అదే ఊరి స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు యువతీయువకులు పొగలో చిక్కుకుని చనిపోయారు. వేడెక్కిన పొగ పైకే పోతుంది. దానికి దొరికే సులువైన దారి మెట్లు, లిఫ్టు గుంత, ఏసీ గొట్టాలు. అంటే మనుషులు పారిపోవాల్సిన దారే పొగగొట్టంగా మారుతుంది.

పొగలో కంటికి కనబడని, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌కంటే 200 రెట్లకు మించిన ఆత్రంతో దాన్ని పట్టుకుంటుంది. గాలిలో దాని పాలు ఒక శాతం దాటితే కొన్ని శ్వాసల్లోనే స్పృహ తప్పుతుంది. సోఫాలు, పరుపుల్లో వాడే ఫోమ్ మండితే హైడ్రోజన్ సైనైడ్ కూడా తోడవుతుంది. ముక్కుకు తడిగుడ్డ కట్టుకుంటే మసి కొంత ఆగుతుందేమో కానీ ఈ వాయువులు ఆగవు. తడిగుడ్డ కట్టుకుని లోపలికి దూకిన ధైర్యవంతుల కథలు విన్నప్పుడు మనసు పొంగుతుంది, నిజమే. అలా దూకి తిరిగిరానివారి సంగతి కూడా శిక్షణలో ఉన్నవారికి ఎవరో ఒకరు చెప్పాలి.

ఆ పొగే ఇంధనం కూడా. సగం కాలిన వాయువులు కప్పు కింద పేరుకుంటాయి. కప్పు దగ్గర వేడి 500, 600 డిగ్రీలకు చేరేసరికి అక్కడి నుంచి కిందికి ప్రసరించే వేడికి గదిలోని కుర్చీలు, కర్టెన్లు, పుస్తకాలు అన్నీ ఆవిరులు వదలడం మొదలుపెట్టి ఒక్కసారిగా భగ్గుమంటాయి. దీన్ని ఫ్లాష్ఓవర్ అంటారు. దీనికి గురైన గదిలో పూర్తి రక్షణ దుస్తులు వేసుకున్నవారు కూడా కొద్ది క్షణాలకు మించి బతకలేరు. ఇంకొక ప్రమాదం దీనికి పూర్తిగా భిన్నంగా వస్తుంది. మూసిన గదిలో మంట ఉన్న ఆక్సిజన్ అంతా తినేసి నివురుగప్పి ఉంటుంది. వేడి ఉంది, ఇంధనం ఉంది, లేనిది గాలి ఒక్కటే. ఆ స్థితిలో ఎవరైనా తలుపు తెరిస్తే గాలి లోపలికి దూసుకుపోయి, మంట బయటికి పేలుతూ వస్తుంది. ఇది బ్యాక్‌డ్రాఫ్ట్. కిటికీ అద్దాలు జిడ్డుగా మసిబారడం, తలుపు చేతికి వేడిగా తగలడం, సందుల్లోంచి పొగ బయటికి వచ్చి మళ్లీ లోపలికి పీల్చుకుపోతున్నట్టు కదలడం దీని ముందస్తు గుర్తులు.

కాబట్టి అగ్నిమాపక బృందంలో తలుపు తెరవడం చిన్న పని కాదు. నీరు నిండిన గొట్టం చేతిలో ఉండాలి, తలుపుకు ఎదురుగా కాక పక్కన వంగి ఉండాలి, ఎవరు తెరుస్తారో ముందే తెలిసి ఉండాలి. వెనుకవైపు ఇంకొకడు ఉత్సాహం కొద్దీ కిటికీ అద్దం పగలగొడితే ముందువైపు ఉన్న ఇద్దరి మీదికి మంట మళ్లుతుంది. వాడు చేసింది సాహసమని వాడికి అనిపిస్తుంది. ఫలితం అనుభవించేది వేరేవారు.

శ్వాస పరికరం విషయంలో ఈ లెక్క ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. వీపుకు తగిలించుకునే ఆరు లీటర్ల సిలిండర్‌లో 300 బార్ల (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి) ఒత్తిడితో గాలి నింపితే 1,800 లీటర్ల గాలి ఉన్నట్టు. నిమిషానికి 40 లీటర్లు పీలిస్తే కాగితం మీద 45 నిమిషాలు వస్తుంది. మెట్లెక్కుతూ, మనిషిని లాగుతూ, భయంతో గుండె కొట్టుకుంటుంటే అది అరగంటకు పడిపోతుంది. ఒత్తిడి సుమారు 55 బార్లకు దిగినప్పుడు ఈల మోగుతుంది. అప్పటికి మిగిలేది ఎనిమిది నిమిషాల గాలి, అదీ ప్రశాంతంగా పీలిస్తే. ఈల మోగాక బయలుదేరితే ఆలస్యమైనట్టే. ఈల మోగే సమయానికి బయట ఉండాలి. అందుకే తలుపు దగ్గర ఒక మనిషి బోర్డు పట్టుకుని నిలబడతాడు. లోపలికి వెళ్లినవారి పేరు, వెళ్లిన సమయం, అప్పటి ఒత్తిడి రాసుకుంటాడు. లోపలికి వెళ్లే అవకాశం తనకు రాలేదని ఆ పనిని చిన్నచూపు చూసే కుర్రవాళ్లు ఉంటారు. లోపలివారి ప్రాణాలు ఆ బోర్డు మీద ఉన్నాయని గ్రహించినవారే మంచి అధికారులవుతారు. లోపలికి ఎప్పుడూ జంటగా వెళ్లాలి, జంటగానే రావాలి. ఒంటరిగా వెళ్లి పడిపోయినవాడి కోసం ఇంకో ఇద్దరు వెళ్లాలి, అప్పటిదాకా వెతుకుతున్న పౌరుడి కోసం వెతకడం ఆగిపోతుంది.

బొంబాయి రేవులో 1944

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు మన దేశంలో అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. ఆ తేదీ వెనుక ఉన్న సంఘటనను పరీక్షల కోసం ఒక వాక్యంలో చదివి వదిలేస్తారు. పైన చెప్పుకున్నవన్నీ ఒకేచోట కనిపించే సంఘటన అది.

ఫోర్ట్ స్టికీన్ అనే సరుకు ఓడ బొంబాయి విక్టోరియా డాక్‌లో దించుకోవడానికి నిలిచి ఉంది. అందులో దాదాపు 1,400 టన్నుల పేలుడు పదార్థాలు, కరాచీలో ఎక్కించిన వేల పత్తి బేళ్లు, కలప, నూనె పీపాలు, బంగారు కడ్డీలు ఉన్నాయి. పత్తిని కింద పేర్చి, పైన పేలుడు పదార్థాలు ఉంచారు. 1944 ఏప్రిల్ 14 మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో రెండో గదిలోంచి పొగ కనిపించింది.

పత్తి మంట ఎంత మొండిదో ఆదిలాబాద్, వరంగల్, గుంటూరు జిన్నింగ్ మిల్లుల దగ్గర పనిచేసిన ఫైర్‌మన్లకు తెలుసు. పచ్చి పత్తి పోగు మీద సహజమైన మైనపు పొర ఉంటుంది, నీరు జారిపోతుంది. బేలు పైన తడిసి నల్లబడినా లోపల పోగుల మధ్య ఇరుక్కున్న గాలితో నిప్పు గంటలు, రోజుల తరబడి రగులుతూనే ఉంటుంది. బేలును విప్పి, పాయలు పాయలుగా చీల్చి తడిపితే తప్ప ఆరినట్టు కాదు. ఓడ అడుగున, ఊపిరాడని పొగలో, ఆ పని ఎవరు చేయగలరు? గొట్టాలతో 900 టన్నులకు పైగా నీరు కుమ్మరించారు. మంట మూలం ఎక్కడుందో కూడా దొరకలేదు. ఓడ ఒంటి మీద నీళ్లు సలసల మరిగాయి. ఉక్కు పలకల ద్వారా వేడి ఎక్కడెక్కడికి పాకుతోందో చెప్పడానికి అంతకంటే రుజువు అక్కరలేదు. 3.50కి ఓడ వదిలి వెళ్లమని ఆదేశం వచ్చింది. పదహారు నిమిషాల తర్వాత, 4.06కి, ఓడ రెండుగా చీలింది. అరగంట తిరగకముందే రెండో పేలుడు. 1,700 కిలోమీటర్ల దూరంలోని సిమ్లాలో భూకంప నమోదు యంత్రాలు కదిలాయి. చనిపోయినవారు 800 మందికి పైగా ఉంటారని అంచనా. వారిలో 66 మంది అగ్నిమాపక సిబ్బంది. మంటలు అదుపులోకి రావడానికి మూడు రోజులు పట్టింది.

ఆ 66 మంది చివరిదాకా గొట్టాలు వదల్లేదు. వారి క్రమశిక్షణలో లోపం వెతికే అర్హత మనకు లేదు. లోపం వేరేచోట్ల ఉంది. పత్తిని పేలుడు పదార్థాల కింద పెట్టడం, ప్రమాదకరమైన సరుకు ఉందని తెలిపే ఎర్రజెండా ఎగరేయకపోవడం, పేలుడు పదార్థాలను వెంటనే దించకపోవడం, గదిలోకి ఆవిరి పంపి మంటను అణచే ఏర్పాటును వాడకపోవడం, అగ్నిమాపక దళానికి కబురు ఆలస్యంగా పంపడం, ఇవన్నీ విచారణలో తప్పులుగా తేలాయి. ఓడను అక్కడే ముంచాలా, సముద్రంలోకి లాక్కెళ్లాలా, ఉన్నచోటే ఆర్పాలా అన్నదానిమీద తలా ఒక మాట చెప్పారు. అందరి తరఫున ఒక్క నిర్ణయం తీసుకునే అధికారం ఒక్కరి చేతిలో లేదు. క్రమశిక్షణ అనగానే కింది ఉద్యోగి సెల్యూట్ కొట్టడం ఒక్కటే గుర్తుకొచ్చేవారు ఈ ఘటనను నిదానంగా చదవాలి. జెండా ఎగరేయడం, సరుకు సరిగ్గా పేర్చడం, సమయానికి కబురందించడం, ఎవరి మాట చెల్లాలో ముందే తేల్చుకోవడం కూడా క్రమశిక్షణే. పై మెట్లలో అది లోపిస్తే, కింది మెట్టు మీద నిలబడినవారు దానికి ప్రాణాలతో మూల్యం చెల్లిస్తారు.

ఆ రోజు ఓడలోని బంగారు కడ్డీలు నగరం మీద చెల్లాచెదురుగా పడ్డాయి. వాటిలో ఒకటి దూరాన ఉన్న ఒక పార్సీ పెద్దమనిషి ఇంటి మీద పడింది. ఆయన దాన్ని అధికారులకు అప్పగించారు. ఊరంతా బూడిదవుతున్న సమయంలో, అడిగేవాడు లేని చోట.

తలుపు పగలగొట్టే అధికారం

రాజ్యాంగం 12వ షెడ్యూలు అగ్నిమాపక సేవలను పురపాలక సంఘాల విధుల్లో చేర్చినా, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వీటిని రాష్ట్ర శాఖలే నడుపుతున్నాయి. ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన 1999 నాటి అగ్నిమాపక సేవల చట్టం మంట దగ్గర ఉన్న సిబ్బందికి అసాధారణమైన అధికారాలు ఇచ్చింది. అడ్డొచ్చినవారిని తొలగించవచ్చు. వీధి మూసేయవచ్చు. తలుపులు, గోడలు పగలగొట్టి లోపలికి వెళ్లవచ్చు. మంట వ్యాపించకుండా కట్టడాన్ని పడగొట్టవచ్చు. పోలీసులకు కూడా ఒక ఇంట్లోకి వెళ్లడానికి సవాలక్ష నిబంధనలుంటే, ఫైర్‌మన్‌కు పొగ కనిపిస్తే చాలు.

పౌర విలువల గురించి పాఠ్యపుస్తకాలు చెప్పే మాటలకు ఇక్కడ బరువు వస్తుంది. పొగ నిండిన పడకగదిలో బీరువా తలుపు తెరుచుకుని ఉంటుంది. ఇంటివారు వీధిలో ఏడుస్తూ ఉంటారు. చూసేవారెవరూ ఉండరు. ఆ బీరువాలోని నగలపెట్టెను తెచ్చి అందరి ఎదుట ఇంటివారికి, లేదా సాక్షుల సమక్షంలో పోలీసులకు అప్పగించి రాయించుకోవడం ఆ శాఖ మీద ప్రజలకున్న నమ్మకానికి పునాది. ఆ నమ్మకం ఒక్క ఊళ్లో చెడితే, తర్వాతిసారి తాళం తీయడానికి ఇంటాయన తటపటాయిస్తాడు. ఆ తటపటాయింపు అరనిమిషమైనా గది ఫ్లాష్ఓవర్‌కు చేరడానికి చాలు. నిజాయితీ లేకపోతే మంట కూడా పెరుగుతుంది. ఇది అలంకారంగా అంటున్న మాట కాదు.

ముందు ఎవరిని కాపాడాలన్నదానికీ కొలత ఒక్కటే, ఎవరికి ప్రమాదం దగ్గరగా ఉందన్నది. ఇంటి యజమానా, పనిమనిషా, ఏ కులం, ఏ మతం అన్న ప్రశ్నలకు అక్కడ చోటు లేదు. చనిపోయినవారి ఫొటోలు తీయకూడదు. కారణం తేలకముందే టీవీ మైకు ముందు "షార్ట్ సర్క్యూటే" అని చెప్పేయకూడదు. అలా చెప్పిన మాట ఒక కుటుంబానికి రావలసిన బీమాను అడ్డుకోవచ్చు, ఒక నేరస్థుణ్ని కాపాడవచ్చు. రాజ్యాంగం 51ఎ అధికరణం పౌరుల ప్రాథమిక విధుల్లో ప్రజా ఆస్తిని కాపాడటాన్నీ, శాస్త్రీయ దృక్పథాన్నీ, మానవతావాదాన్నీ చేర్చింది. మూడూ ఒకే మనిషిలో ఒకేసారి ఉండక తప్పని ఉద్యోగం ఇది.

ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) తనిఖీల గురించి మాట్లాడుకోకుండా విలువల గురించి మాట్లాడటం అర్థం లేని పని. ఎత్తైన భవనాలకు, జనం గుమిగూడే ఫంక్షన్ హాళ్లు, ఆసుపత్రుల వంటివాటికి అగ్నిమాపక శాఖ అనుమతి తప్పనిసరి. రెండో మెట్లదారిని స్టోర్‌రూమ్‌గా మార్చినా, సెల్లార్‌లో పార్కింగ్ బదులు దుకాణం నడుస్తున్నా చూసీచూడనట్టు సంతకం పెట్టిన రోజున ఎక్కడా పొగ కనిపించదు. పొగ వచ్చిన రోజున ఆ మెట్ల మీద గుడ్డిగా తడుముకుంటూ వెళ్లేది సంతకం పెట్టినవారి తోటి ఉద్యోగే.

సెల్లార్లలో ఇప్పుడు విద్యుత్ స్కూటర్లు ఛార్జింగ్‌కు పెడుతున్నారు. లిథియం అయాన్ బ్యాటరీ లోపల ఒక సెల్ అదుపు తప్పి వేడెక్కితే ఆ వేడి పక్క సెల్‌ను రెచ్చగొడుతుంది. మండే వాయువులు బ్యాటరీలోంచే పుడతాయి, కొంత ఆక్సిజన్ కూడా అందులోంచే వస్తుంది. అందుకే దుప్పటి కప్పినా, పొడి చల్లినా ఆరినట్టే ఆరి మళ్లీ లేస్తుంది. లిథియం పేరు చూసి దీన్ని లోహాల మంటగా భావించి నీరు వాడకూడదనుకునేవారు ఉన్నారు. ఈ బ్యాటరీలకు ఎక్కువసేపు, ఎక్కువ నీటితో చల్లబరచడమే ప్రధాన మార్గం. పాత పుస్తకం ఒకసారి చదివి జీవితాంతం దానిమీదే బతకడం ఈ వృత్తిలో కుదరదు.

పౌరుల వైపునుంచి కూడా కొంత బాకీ ఉంది. 101కు గానీ 112కు గానీ ఫోన్ చేసినప్పుడు చిరునామా, గుర్తు, ఏది మండుతోంది, లోపల ఎవరైనా ఉన్నారా అన్న నాలుగు సంగతులు చెప్పి, అవతలివారు చాలన్నాకే ఫోన్ పెట్టేయాలి. గ్యాస్ లీకయితే 1906 నంబరుంది. ఆ ఫోన్ ఇంటి బయటికి వచ్చాకే చేయాలి, స్విచ్ వేయకూడదు, ఆపనూకూడదు. సరదా కోసం చేసే దొంగ ఫోన్ ఒక వాహనాన్ని ఊరి అవతలి చివరకు పంపిస్తుంది. సందులో అడ్డంగా నిలిపిన కారు దాన్ని మలుపు దగ్గరే ఆపేస్తుంది.

ఈ ఉద్యోగానికి చదువుతున్నవారికి నేనిచ్చే సలహా ఒకటే. ఒక్కో నియమం ముందు "ఎందుకు" అని రాసుకుని, జవాబు మంట స్వభావంలో వెతకండి. వారోత్సవాల రోజుల్లో అగ్నిమాపక కేంద్రాల ప్రదర్శనలు చూడటానికి ఎవరైనా వెళ్లవచ్చు. అక్కడ 63 మిల్లీమీటర్ల గొట్టాన్ని నీరు నింపాక ఎత్తనిస్తారేమో అడగండి. 15 మీటర్ల ముక్కలో దాదాపు 47 లీటర్ల నీరు ఉంటుంది, అంటే గొట్టం బరువు కాక 47 కిలోలు. 20 మిల్లీమీటర్ల నాజిల్‌లోంచి 7 బార్ల ఒత్తిడితో నీరు దూసుకుపోతుంటే అది పట్టుకున్నవారిని సుమారు 45 కిలోల బలంతో వెనక్కి నెడుతుంది. ఇద్దరు పట్టుకున్న గొట్టాన్ని ఒకరు చెప్పకుండా వదిలేస్తే నాజిల్ రెండోవారి చేతిలోంచి జారి ఇత్తడి మొనతో కొరడాలా కొడుతుంది. ముందున్న మనిషి సైగ చేయనిదే పంపు దగ్గరివారు ఒత్తిడి ఎందుకు పెంచరో, సైగను మాటతో కాక చేత్తోనే ఎందుకు చేస్తారో అక్కడి సిబ్బందినే అడిగి తెలుసుకోండి.